గాజుతొట్టిలో దాంపత్యము



నేటి ప్రసంగమునకు నేను తీసికొన్న విషయము చిన్నది. బొటనవ్రేలంత చేపలను గూర్చినది. కాని ఆ చిన్న విషయమును తెలిసికొనుటకు మానవునకు ఎన్నియో తరములు పట్టినవి. గాజుతొట్టిలో పెంచుకొను రంగుచేపలలో క్లౌన్ చేప యనునది యొకటి కలదు. నారింజపండు వన్నె మేను, మేనిపై మూడు తెల్లని పట్టెలు, ఆ పట్టెల యంచున సన్నని నల్లగీతలు. ముఖమునకు రంగు పూసికొని నవ్వించు విదూషకుని తలపించుటచేత పాశ్చాత్యులు దాని కాపేరు పెట్టిరి. ఇట్టి చేపలు రెంటిని ఒక తొట్టిలో జంటగా కుదుర్చుట యెట్లు? ఆ రహస్యము ఎవరెవరి శ్రమవలన, ఏ క్రమమున బయటపడినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నా యుద్దేశము.

పిట్లము వానికి సముద్రపు చేపతో పనియేమని మీరడుగవచ్చును. మా యూరు కామారెడ్డి జిల్లాలోనిది. అచటినుండి ఏ దిక్కునకు పోయినను సముద్రతీరము చేరుటకు మూడువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేయవలెను. అయినను మాది చేప నెరుగని సీమ కాదు. మాకు చేరువనే మంజీరానదిపై నిజాంసాగరము కలదు. 1923లో మొదలిడి 1931లో ముగించిన ఆ కట్ట వెనుక నిలిచిన నీరు పొలములను తడుపుటయే కాక, గంగపుత్రుల యిండ్లలో, ముదిరాజుల యిండ్లలో పొయ్యి వెలిగించుచున్నది. వల, గాలము, బుట్ట మాకు చిన్ననాటినుండి తెలిసిన వస్తువులే. ఇటీవలి కాలమున మా పల్లెటూళ్ళ యిండ్లలోనికి గాజుతొట్టెలు కూడ వచ్చినవి. పట్టణపు దుకాణములనుండి సముద్రపు చేపలును, పొట్లములలో ఉప్పును కొనితెచ్చి, ఒక మూల చిన్న సముద్రమును నిలుపువారు బయలుదేరినారు. కావున ఈ ముచ్చట మాకు పరాయిది కాదు.

చరిత్రను మా సీమనుండియే మొదలుపెట్టెదను. పిట్లమునకు పడమటి దిక్కున, సుమారు వంద కిలోమీటర్ల దూరమున, నేడు బసవకల్యాణ మని పిలువబడు కల్యాణీ నగరము కలదు. మా ప్రాంతము ఒకప్పుడు ఆ కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండెను. వారిలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వభాగమున 'మానసోల్లాస'మను సంస్కృత గ్రంథమును వ్రాసెను. రాజునకు తగిన వినోదములను వర్ణించుచు అందు మత్స్యవినోదమునకు ప్రత్యేకముగా చోటిచ్చెను. సముద్రమున నుండు చేప లేవి, నదీజలముల నుండు చేప లేవి, దేనికి ఏ మేత ప్రియము, గాలమునకు ఏ యెర తగును అను విషయములు అందు క్రమముగా చెప్పబడినవి. ఇంత సూక్ష్మముగా చేపలను చూచిన రాజు మరియొక దేశమున ఆ కాలమున నుండెనో లేదో గాని, ఆయన చూపు చేప మేతమీద, చేప పట్టుమీద నిలిచినది. చేప సంసారము ఆ వినోదమునకు విషయము కాలేదు. ఇది ఆయన లోపము కాదు. చేప నీటిలో నుండును, మనము గట్టున నుందుము. నీటిలోపలి యిల్లు గట్టుమీదివానికి కనబడదు.

తరువాతి మెట్టు మన తెలుగు తీరముననే పడినది. 18వ శతాబ్దపు చివర పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు వైద్యుడు విశాఖపట్టణమున నుండి, అచటి జాలరులు తెచ్చిన చేపలను సేకరించెను. వానిలో 200 చేపల వర్ణనలను, పటములను 1803లో లండను నగరమున రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆయన చేసిన మేలైన పని యొకటి కలదు. జాలరులు పలికిన తెలుగు పేళ్ళను ఆయన విడువలేదు. తాను విన్నట్లు తన లిపిలో వ్రాసికొనెను. ఆ విధముగా మన పల్లెకారుల నోటిమాట యూరపుఖండపు శాస్త్రజ్ఞుల బల్లపైకి చేరినది. కాని రస్సెల్ చూచినవి వలలోనుండి వచ్చిన చేపలు. రూపము తెలిసినది, పేరు తెలిసినది. బ్రదుకు ఇంకను తెలియలేదు.

బ్రదుకు తెలియవలెనన్న నీటికిని కంటికిని నడుమ గాజు రావలసియుండెను. 1832లో ఝాన్ విల్‌ప్రూ పవర్ అను ఫ్రెంచి వనిత సిసిలీ ద్వీపమున సముద్రజీవులను పరిశీలించుటకై గాజుతొట్టెలను చేయించెను. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనికుడు, నీటిమొక్కలును చేపలును ఒకదాని కొకటి తోడై తొట్టిలో బ్రదుకగలవని చూపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో జనులు చూచుటకు చేపల యిల్లు తెరవబడెను. మన దక్షిణదేశమున 1909లో చెన్నపట్టణపు సముద్రతీరమున అట్టి యిల్లే వెలసినది. అది ఇప్పుడు లేదు. మన పెద్దలలో నెందరో అచటనే తొలిసారి బ్రదికియున్న సముద్రపు చేపను ఎదురుగా నిలిచి చూచిరి.

గాజు వచ్చిన పిమ్మట చేప దాంపత్యము మెల్లమెల్లగా కనబడజొచ్చెను. 1869లో పారిసు నగరమున కార్బొన్నియే అను నాతడు చీనాదేశమునుండి వచ్చిన స్వర్గమత్స్యములను తొట్టిలో పెంచి పిల్లలను పెట్టించెను. మగచేప నోటితో గాలిబుడగలను విడిచి గూడు కట్టుటయు, ఆ గూటిలో గ్రుడ్లను కాచుటయు చూచి జనులు విస్తుపోయిరి. చేప గ్రుడ్లు పెట్టి విడిచిపోవు ప్రాణియని తలచినవారికి అది క్రొత్త పాఠము.

క్లౌన్ చేప మాట కొంచెము ముందే మొదలైనది. 1868లో కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్ అను ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు, చీనా సముద్రమున తాను చూచిన పెద్ద ఎనిమోనులను గూర్చియు, వాని నడుమ నివసించు చేపలను గూర్చియు వ్రాసెను. ఎనిమోను చూపునకు పువ్వు, నిజమునకు జంతువు. రేకులవలె కదలు దాని తీగలలో విషపు ముండ్లు దాగియుండును. ఇతర చేపలు తాకినచో చిక్కి చచ్చును. క్లౌన్ చేప మాత్రము అందే పవ్వళించును. పామున్న పుట్టలో నిర్భయముగా కాపురమున్నట్లు! అటుపిమ్మట వెర్వే అను డచ్చి శాస్త్రజ్ఞుడు బటేవియా అఖాతమున ఈ చేపలను ఓపికతో పరిశీలించి 1930లో తన పరిశోధనలను ప్రకటించెను. చేపకును ఎనిమోనునకును గల చెలిమి లోకమునకు తెలిసినది. కాని ఆ యింటిలో భర్త యెవరు, భార్య యెవరు, తక్కినవారెవరు అను ప్రశ్న మిగిలియుండెను.

ఆ ప్రశ్నకు సమాధానము 1977లో వచ్చినది. హాన్స్ ఫ్రికే, సీమోన్ ఫ్రికే అను జర్మను దంపతులు సముద్రములోనికి మునిగి, ఒక్కొక్క ఎనిమోనును ఒక్కొక్క యింటివలె భావించి, అందలి చేపల నడవడి గమనించిరి. మరుసటి యేడు జపానులో మోయర్, నకజోనో అను నిద్దరు ఆరు జాతుల విషయమున అట్టి సంగతినే చెప్పిరి. వారు కనుగొన్న దేమన: ప్రతి యింటను అన్నిటికంటె పెద్దచేప ఆడుది. దానికి తరువాతి పెద్దది దాని మగడు. తక్కినవన్నియు వరుసగా చిన్నవి. అవి సంతానము కనవు. ఇంటి పెత్తనమంతయు ఆడుదానిదే. అది చనిపోయినచో మగచేపయే కొంతకాలమునకు ఆడుదిగా మారును. మిగిలినవానిలో పెద్దది ముందునకు వచ్చి దానికి మగడగును. ఒకసారి ఆడుదైన చేప మరల మగది కాజాలదు.

2003లో ఈ కుటుంబ మర్యాద ఇంకను స్పష్టమైనది. పాపువా న్యూగినీ తీరమున బస్టన్ అను శాస్త్రజ్ఞుడు చేపలను కొలిచి చూడగా, ఒక్కొక్క చేప తనకు పైదానికంటె చిన్నదిగా నుండునట్లు తన పెరుగుదలను తానే అదుపు చేసికొనుచున్నదని తేలినది. పైదానితో సమానముగా పెరిగిన చేపకు పోరాటము తప్పదు, ఇల్లు విడుచుట తప్పదు. కావున చిన్నది చిన్నదిగనే యుండి తన వంతునకై వేచియుండును. ఉమ్మడి కుటుంబములలో పెద్దకోడలు వచ్చి కూర్చుండువరకు పీట చూడని చిన్నకోడండ్రను మనమెరుగుదుము గదా! ఆ యేటనే 'ఫైండింగ్ నీమో' యను బొమ్మల చిత్రము వెలువడి, ఈ చేపను ప్రపంచమునందలి పిల్లలందరికి చుట్టము చేసినది. అందు తల్లి చనిపోగా తండ్రి కొడుకును సాకును. ప్రకృతి ధర్మమును పట్టి చూచినచో ఆ తండ్రి మెల్లగా ఆడుదిగా మారవలసినవాడు. కథకు కథాధర్మము, చేపకు చేపధర్మము.

ఇప్పుడు మన గాజుతొట్టి దగ్గరకు వచ్చెదను. ఈ చరిత్ర తెలియనివాడు జంటను కుదుర్చబోయినచో ఏమగునో మా యూరిలోనే చూచితిని. ఒక యువకుడు పట్టణమునుండి రెండు క్లౌన్ చేపలను తెచ్చెను. రెండును బాగుగా ఎదిగినవి, రెండును ఒకే కొలతవి. ఈడుజోడు కుదిరినదని మురిసి ఒకేసారి తొట్టిలో విడిచెను. తెల్లవారునప్పటికి ఒకదాని రెక్కలు చీలికలైనవి. మూడవనాటికి అది చనిపోయినది. నీరు చెడినదేమో, మేత పడలేదేమో యని అతడు చింతించుచుండెను. కారణము నీరు కాదు, మేత కాదు. ఎదిగిన రెండు ఆడుచేపలను ఒక యింట నుంచుట యది. ఇద్దరు యజమానురాండ్రకు ఒక ఇల్లు చాలదు. సముద్రములోనైన ఓడినది పారిపోవుటకు తావుండును. గాజుగోడల నడుమ పారిపోవుటకు తావెక్కడిది?

మనుష్యుల పెండ్లిలో ఈడు చూతుము, జోడు చూతుము. క్లౌన్ చేపకు కావలసినది సమానత కాదు, తారతమ్యము. ఒకే జాతికి చెందిన లేత చేపలను రెంటిని తీసికొనవలెను. ఒకటి స్పష్టముగా పెద్దదై, రెండవది చిన్నదై యుండవలెను. లేతవి ఇంకను ఆడుదనమును పొందియుండవు గాన, పెద్దది ఆడుది యగుటకు, చిన్నది మగది యగుటకు దారి తెరచియుండును. ఇంతకుముందే యొక పెద్ద ఆడుచేప యున్న తొట్టిలోనికి దానితో సమానమైన మరియొక దానిని తేరాదు. మిక్కిలి చిన్నదానినే తేవలెను.

చేపలను తెచ్చుటకు ముందు తొట్టి కాపురమునకు సిద్ధము కావలెను. సముద్రలవణము కలిపిన నీటిని నింపి, నెల పైచిలుకు కాలము నడువనియ్యవలెను. చేపల విసర్జనమునుండి పుట్టు అమోనియా ప్రాణాంతకమైన విషము. దానిని క్రమముగా తక్కువ హానికరమైన పదార్థముగా మార్చు సూక్ష్మజీవులు తొట్టిలో నెలకొనుటకు ఆ కాలము పట్టును. లీటరు నీటికి 30 నుండి 35 గ్రాముల ఉప్పు, 26 నుండి 28 డిగ్రీల వెచ్చదనము వీనికి తగును. మా సీమలో వేసవి యెండలకు తొట్టినీరు అంతకు మించి వేడెక్కును గాన, ఆ కాలమున నీడయు గాలియు చూడవలెను.

తరువాత రెండు చేపల నడుమ రంధ్రములుగల పారదర్శకమైన పలకను నిలిపి కొన్నిదినము లుంచవలెను. ఒకటి నొకటి చూచుకొనును, ఒకే నీటిని పీల్చును, కాని కొట్టుకొనజాలవు. పిమ్మట పలకను తీసి, దగ్గర నుండి చూడవలెను. పెద్దది చిన్నదానిని తరుముట, కొంచెము కొరుకుట వింత కాదు. చిన్నది దాని యెదుట ఒకప్రక్కకు ఒరిగి గడగడ వణకినచో భయపడరాదు. 'నీ పెద్దరికమును అంగీకరించితిని' అను మాటను చేప ఆ వణకుతో చెప్పును. చిన్నది వణకక ఎదిరించినను, పెద్దది విడువక రెక్కలు చీల్చినను, వెంటనే మరల వేరుచేయవలెను. రెండును రాత్రి ఒకే మూల నిదురించుట మొదలిడినచో సంబంధము కుదిరినదని యెంచవచ్చును.

ఎనిమోను లేనిదే ఈ చేప తొట్టిలో బ్రదుకదని కొందరనుకొందురు. అది నిజము కాదు. కుమ్మరి చేసిన చిన్న మట్టికుండ నొకదానిని ప్రక్కకు వాల్చి యుంచినను చాలును. కొన్ని జంటలు దానినే యిల్లు చేసికొని, గోడను నోటితో శుభ్రపరచి, అచటనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లకు రెక్కలతో గాలి విసరుట, చెడినవానిని తీసివేయుట విశేషముగా మగచేప పని. వారము పదిదినములలో, చీకటి పడిన తరువాత, పిల్లలు వెలికివచ్చును. కాని ఇదంతయు త్వరలో జరుగునని ఆశింపరాదు. చెలిమి కుదురుటకు వారములు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. లేత చేపలు గ్రుడ్లుపెట్టు ప్రాయమునకు వచ్చుటకు ఏడాదికి పైగా పట్టవచ్చును. మన తొందర వాని తొందర కాదు.

ఈ సందర్భమున మన చెరువుల చేపలను తలపకుండ ఉండలేను. బొచ్చె, రోహు వంటివి వరదనీటిలో గుంపుగా గ్రుడ్లు విడుచునవి. వానికి దాంపత్యము లేదు. నిలువనీటిలో అవి గ్రుడ్లు పెట్టవు. 1957 జూలై 10వ తేదిని ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసమును సూదితో ఎక్కించి అట్టి చేపలచేత గ్రుడ్లు పెట్టించెను. నేడు మన చెరువులలో విడుచు చేపపిల్లల వెనుక ఆ సూది యున్నది. ఆ దినమునే మన దేశమున మత్స్యరైతుల దినముగా జరుపుకొనుచున్నారు. క్లౌన్ చేప విషయమున సూది పనికిరాదని గాదు, సూదితో పనిలేదు. దానికి కావలసినది తగిన తోడును, స్థిమితమైన తావును.

ఈ రెంటికి నడుమ మన కొర్రమట్ట యున్నది. తెలంగాణ రాష్ట్రము 2016లో తన రాష్ట్రమత్స్యముగా ప్రకటించిన చేప యిదియే. కలుపు మొక్కల నడుమ నీటిని చదును చేసి, జంటగా గూడు కట్టి, తేలు గ్రుడ్లను కాచును. ఎర్రని పిల్లలు గుంపుగా నీటిపైకి వచ్చినపుడు క్రింద పెద్దచేప కావలి యుండును. చేపలు పట్టువారికి ఇది బాగుగా తెలియును. పిల్లల గుంపును చూచి అడుగున గాలము వేయుట సులభము; పిల్లలను విడిచి పెద్దది పోదు గనుక చిక్కుట నిశ్చయము. కాని ఆ యొక్క చేప చిక్కిన గంటలో గుంపంతయు కప్పలపాలు, ఇతర చేపలపాలు అగును. నేడు కూర యగు చేప ఒకటి. రేపు వలకు రావలసిన చేపలు వందలు.

సముద్రమునను ఇదియే న్యాయము. పగడపు దిబ్బలమీద ఎనిమోను నొకదానినుండి పెద్దజంటను పట్టి తెచ్చినచో, గాజుతొట్టికి అందము వచ్చును, అచటి యిల్లు కూలిపోవును. తమ వంతునకై చిన్నవై వేచిన చేపలు మరల మొదటినుండి సంసారము దిద్దుకొనవలెను. ఈ చేపలు చక్కని తావున ఎన్నియో యేండ్లు, ఇరువది ముప్పది యేండ్లు సైతము, బ్రదుకునని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. అంతటి దీర్ఘకాలపు కాపురమును ఒక వల త్రిప్పుతో తెంపుట తగునా?

అదృష్టవశమున దీనికి దారి యున్నది. 1970ల తొలి యేండ్లలో అమెరికాలోని ఫ్లారిడాయందు మార్టిన్ మో అను నాతడు క్లౌన్ చేపలను తొట్టెలలోనే పుట్టించి పెంచి అమ్మకమునకు తెచ్చెను. 1947లో స్థాపింపబడిన మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు మండపము, విళింజము కేంద్రములలో ఈ విద్యను సాధించి, నేర్పుచున్నారు. తొట్టిలో పుట్టిన చేప తొట్టికి అలవాటుపడినది. దాని కొరకు పగడపు దిబ్బను కదిలింప నక్కరలేదు. కావున కొనదలచినవారు, ఇది సముద్రమున పట్టినదా, తొట్టిలో పుట్టినదా యని ముందుగా అడుగవలెను. ఆ యొక్క ప్రశ్న అడుగువారు హెచ్చినచో వర్తకుడును తన సరుకు మార్చుకొనును.

సోమేశ్వరుని కాలమున మనము చేపకు మేత పెట్టుట నేర్చితిమి. రస్సెల్ కాలమున పేరు వ్రాసికొంటిమి. తరువాత గాజులోనుండి చూచితిమి. కడపట నీటిలో మునిగి, వాని యింటి మర్యాదను వానివలననే తెలిసికొంటిమి. తొమ్మిది వందల యేండ్ల యీ చదువు సారమొక్కటే. చేపల జంటను మనము కట్టలేము. కట్టుకొనుటకు తగిన తావును, తోడును, కాలమును ఇయ్యగలము. అది ఇచ్చి చేయి వెనుకకు తీసికొన్నవాని తొట్టిలోనే కాపురము నిలుచును. నిజాంసాగరపు నీటిలో ఎర్రని పిల్లల గుంపు కనబడినపుడు గాలము ఒడ్డున పెట్టిన వానికిని ఈ చదువు వచ్చినట్లే.